సీమంతానికి వచ్చిన అధ్యక్షుడు

ఆ శుక్రవారం పొద్దున గంగాధర మనసులో ఉన్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే భార్య చిన్నక్కకు సీమంతం జరిపించాలి. ఐదుగురు ముత్తైదువలు వచ్చి గాజులు తొడగాలి, ఒడిలో బియ్యం పోయాలి, పులిహోర తినాలి, రోడ్ల మీద సైనికుల జీపులు తిరగడం మొదలయ్యేలోపు ఎవరి చోటికి వాళ్లు చేరుకోవాలి. అంతే. ఇంతకన్నా పెద్ద కోరికలు కోరే రోజులు కావవి. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి మూడు వారాలు దాటింది.

గంగాధరది కడప జిల్లా రాయచోటి దగ్గర పల్లె. కువైట్‌లోని సల్వా పేటలో ఒక పెద్ద ఇంట్లో అతను వంటవాడు, చిన్నక్క పనిమనిషి. వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న కఫీలు అబూ ఫహద్ కుటుంబమంతా ఎండాకాలానికని లండన్ వెళ్లి అక్కడే చిక్కుకుపోయింది. వెళ్లేముందు మామా, అంటే ఇంటి యజమానురాలు, ఇంటి తాళాలు చిన్నక్క చేతిలో పెట్టి, "నెలాఖరుకి మేం వచ్చేస్తాం, అప్పుడు నువ్వు కాన్పుకి మీ ఊరు పోదువు" అని చెప్పింది. టికెట్టు కూడా కొనిపెట్టింది. ఆ టికెట్టు ఇప్పుడూ ఉంది. విమానాశ్రయమే మూసేశారు. చిన్నక్కకు ఏడో నెల నిండుతోంది. డాక్టర్లు ఎక్కడివాళ్లక్కడ పారిపోతున్నారు.

బయటపడే దారి ఒక్కటే కనిపించింది. షువైఖ్‌లో మెకానిక్ పని చేసే లాల్ బాషా, యజమాని వదిలేసి పోయిన ఒక పాత బస్సును బాగు చేశాడు. బస్రా, బగ్దాద్ మీదుగా జోర్డాన్ దాకా పోవచ్చన్నాడు. అక్కడినుంచి మన దేశం విమానాలు నడుపుతోందని రేడియోలో విన్నారు. ఛార్జీ అడగలేదు. "ఇంటికొక డబ్బా డీజిల్ తెచ్చి పోయండి, చాలు" అన్నాడు. గంగాధర నాలుగు చోట్ల బతిమాలి ఒక డబ్బా సంపాదించి ఇచ్చాడు. బస్సు వచ్చే వారం కదలాలి. కదిలేలోపు సీమంతం అయిపోవాలి, ఎందుకంటే దారిలో ఏమవుతుందో ఎవరికి తెలుసు? చేతినిండా గాజులతో పోతే తల్లికీ బిడ్డకూ రక్ష అని గంగాధర నమ్మకం.

పురోహితుడు లేడు. దానికి గంగాధర దగ్గర ఉపాయం ఉంది. అతని దగ్గర తిరుమల శ్రీవారి కల్యాణోత్సవం వీడియో కేసెట్టు ఒకటుంది. శనివారం పూట, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, శబ్దం తగ్గించుకుని చూసి దండం పెట్టుకునేవాడు. కేసెట్టుకు ఒక మూల కుంకుమ బొట్టు కూడా పెట్టాడు. మామా వాళ్లు మంచివాళ్లే. అయినా ఇంకొకరి ఇంట్లో, వాళ్లకు తెలియకుండా మన దేవుణ్ణి బయట పెట్టడం మర్యాద కాదని దాన్ని ఒక ఇంగ్లీషు కేసెట్టు కవరులో దాచేవాడు. మామా పెద్దకొడుకు తెచ్చుకున్న ఆ ఇంగ్లీషు కేసెట్లు రెండు. రెండు కవర్ల మీదా ఒకే తెల్లటి భవనం బొమ్మ. రెండో కేసెట్టును అతను లండన్ తీసుకుపోయాడు. ఖాళీగా మిగిలిన ఆ కవరులో స్వామి కాపురం ఉండేవాడు.

ముత్తైదువలు నలుగురే దొరికారు. ఐదో మనిషిగా లాల్ బాషా భార్య హమీదా బీ తనంతట తానే కూర్చుంది. "మా ఊర్లో నాకూ గాజులు తొడిగినార్లే వదినా, నేను మాత్రం ముత్తైదువని కాదా?" అంది. కాదనడానికి ఎవరికీ మనసు రాలేదు. మహబూలా నుంచి కళావతి తన పెట్టె అడుగున దాచుకున్న గాజులు తెచ్చింది. ఆమెకు తోడుగా ఆంజి వచ్చాడు. ఆంజి ఒక హోటల్లో ప్లేట్లు అందించేవాడు. అమెరికా వాళ్లకు టీ ఇచ్చేవాడు గనుక అతనికి ఇంగ్లీషు వచ్చని మహబూలా అంతా పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో ఆంజికీ తెలియదు, కానీ ఎప్పుడూ వద్దనలేదు.

వంటింట్లో పులిహోర కలుపుతూ గంగాధర కేక వేశాడు. "ఆంజీ! టీవీ కింద అరలో ఇంగ్లీషు బొమ్మ కవరుంటాది. దాంట్లో స్వామి కేసెట్టుంది. పెట్టు నాయనా!"

ఆంజి అర తెరిచాడు. ఒకే బొమ్మతో రెండు కవర్లు కనిపించాయి. పైదాన్ని తీసి, కేసెట్టును వీసీఆర్‌లోకి తోశాడు. అది గుటుక్కుమని మింగింది. బొమ్మ మాత్రం రాలేదు. ఒక బటను నొక్కాడు. ఇంకోటి నొక్కాడు. లోపల ఏదో గిరగిరా తిరిగిన చప్పుడయింది. స్వామి టేపు తెగిపోయిందేమోనని ఆంజికి చెమటలు పట్టాయి. వీసీఆర్ జోలికి ఇక పోకుండా, అసలు టీవీ పనిచేస్తోందో లేదో చూద్దామని స్టేషన్లు మార్చే బటన్లు వరసగా నొక్కుతూ పోయాడు. చివరి బటను దగ్గర టెలివిజన్ ఒక్కసారిగా వెలిగింది.

స్వామి కోసం చేతులు జోడించి కూర్చున్న ఐదుగురు ఆడవాళ్లకు, పద్మావతి అమ్మవారి పక్కన నిలబడిన పెండ్లికొడుకు కాకుండా, కోటు వేసుకున్న ఒక తెల్లజుట్టు మనిషి కనిపించాడు. వెనకాల అమెరికా జెండా. చుట్టూ పదిమంది సిబ్బంది. అందరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. నడవాల్లో పరుగులాంటి నడకతో నడుస్తూ, నడుస్తూనే మాట్లాడుకుంటున్నారు. ఫోన్లు మోగుతున్నాయి. గోడమీద ఇసుక రంగు దేశపటం. దాని మీద ఒక సైనికాధికారి కర్రతో విమానం బొమ్మను చూపిస్తున్నాడు.

"ఇదేందిది ఆంజీ?" అంది చిన్నక్క.

"స్టేషను పట్టిందక్కా," అన్నాడు ఆంజి. అతను అబద్ధం చెప్పలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. ఆగస్టులో గాలిలో తేమ ఎక్కువైతే బహ్రెయిన్, ఇరాన్ స్టేషన్లు కూడా అప్పుడప్పుడు కువైట్ టీవీల్లో పట్టేవి. "ఇది అమెరికాది. పెద్దాయన ఆఫీసు. ఇప్పుడు జరుగుతాండేదే చూపిస్తాండారు."

"పేపర్లో ఆయప్ప వేరేగా ఉండె కదప్పా?" అంది కళావతి.

"నిద్దర లేకుంటే నీ మొగం నీదిగా ఉంటాదా?" అంది హమీదా బీ. "ఏమంటాండాడు బాబూ పెద్దాయన? మన గురించేనా?"

తెర మీద పెద్దాయన బల్ల గుద్ది ఏదో గట్టిగా అన్నాడు. అందులో ఒక్క ముక్క కూడా ఆంజికి అర్థం కాలేదు. 'నాకు తెలీదు' అని చెప్పడానికే నోరు తెరిచాడు. కానీ ఐదుగురు ఆడవాళ్లు, చేతుల్లో గాజులు, కళ్లల్లో నీళ్లు పెట్టుకుని తనవైపే చూస్తున్నారు. చిన్నక్క రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని ఉంది. పటం మీద విమానం ఉండనే ఉంది.

"విమానాలు పంపిస్తాడంట," అన్నాడు ఆంజి.

"యాడికి?"

"ఈడికే. కువైటుకే."

"ఎప్పుడు?"

"వచ్చే... శుక్రారం."

అదే సమయానికి గంగాధర హారతి పళ్లెంతో హాల్లోకి వచ్చాడు. తెరమీద సిబ్బంది అందరూ బయటికి వెళ్లిపోయారు. తలుపు మూసుకుంది. ఒంటరిగా మిగిలిన ఆ తెల్లజుట్టు మనిషి కిటికీ దగ్గరికి పోయి, మెల్లగా మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. చేతులు వణుకుతున్నాయి. అంత పెద్ద పదవిలో ఉన్నవాడు, ఎవరూ చూడనప్పుడు, నేలమీద కూర్చుని దేవుణ్ణి అడుక్కుంటున్నాడు.

గంగాధర పళ్లెం పట్టుకుని తెర ముందు అలాగే ఆగాడు. మనిషి నలుగురిలో దండం పెడితే అది నిజమో కాదో చెప్పలేం. గది తలుపు వేసుకుని పెట్టే దండం మాత్రం అబద్ధం కాదు. తను కూడా శనివారం పూట తలుపు వేసుకునే పెడతాడు కదా. స్వామి కోసం టీవీ పెడితే ఈయన కనిపించాడంటే, ఇది స్వామి చూపించిందేనని అతనికి తోచింది. చేతిలోని హారతిని తనకు తెలియకుండానే టీవీకి ఇచ్చేశాడు.

"మంచోడబ్బా," అన్నాడు. "ఎవురూ లేనప్పుడు దండం పెట్టుకుంటాండాడు."

చిన్నక్క ఒక్క క్షణం ఆలోచించింది. "ఎవురూ లేకుంటే మరి ఫోటో ఎవురు తీస్తాండారు?"

"శుభమా అని కూర్చోని అవేం మాటలే? గాజులు తొడిగించుకో!" అని ఆమె తల వంచింది కళావతి. ఆ ప్రశ్న అక్కడితో గాజుల చప్పుడులో కలిసిపోయింది.

కాసేపటికి పెద్దాయన లేచి, ఫోను చేతిలోకి తీసుకుని, నోరు తెరవబోయాడు. అంతలో తెరంతా తెల్లటి చుక్కలైపోయింది.

"తేమ తగ్గింది," అన్నాడు ఆంజి.

"మరి స్వామి కేసెట్టు?" అడిగాడు గంగాధర.

"మిషన్లోనే ఉందన్నా. దాన్ని కదిలిస్తే టేపు తెగుతాది. అట్లే ఉండనీ," అన్నాడు ఆంజి, అతని మొహం చూడకుండా.

ఐదుగురు ముత్తైదువలు ఐదు చోట్లకు వెళ్లారు. సీమంతం పసుపు కుంకుమలతో పాటు ఆ కబురూ వెళ్లింది. సాయంత్రానికి మహబూలాలో విమానాలు వస్తున్నాయి. మర్నాటికి ఆ విమానాల్లో అన్నం కూడా పెడుతున్నారు. ఆ మర్నాటికి గర్భిణులకు ముందు వరసలో సీట్లు. అది పెద్దాయన సల్వాలోని చిన్నక్క పేరెత్తి మరీ చెప్పాడట.

ఆ కబురు షువైఖ్‌కు చేరేసరికి లాల్ బాషా బస్సు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. ఒక్కొక్కరే వచ్చి తమ తమ డీజిల్ డబ్బాలు వెనక్కి అడగడం మొదలుపెట్టారు. విమానం పెట్టుకుని ఎడారిలో ఎవరు మండుతారు? ఆ డబ్బా ఇస్తే బియ్యమో పాలపొడో వస్తుంది, ఈ వారం గడుస్తుంది. లాల్ బాషా ఎవరికీ లేదనలేదు. ఎవరి డబ్బాకు వాళ్ల డీజిల్ తిరిగి కొలిచి పోశాడు. సిగ్గుతో చివరన వచ్చినవాడు గంగాధర.

"నువ్వు కూడానా అన్నా?" అన్నాడు లాల్ బాషా, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

"దానికి ఏడో నెల బాషా. ఆ గుంతల్లో బస్సు కుదుపులకు..." గంగాధర తల వంచుకున్నాడు. "నేను కండ్లారా చూసినా. ఆయన మోకాళ్ల మీద కూర్చున్న్యాడు."

"ఎవురన్నా మోకాళ్ల మీద కూర్చుంటే బస్సు నడవదన్నా. డీజిల్ పోస్తే నడుస్తాది." లాల్ బాషా నవ్వలేదు. "నీదేముందిలే. నా పెండ్లామే ఇంట్లో పెట్టె సర్దుకోని విమానం కోసం కూర్చోనుంది."

సాల్మియాలో ఉండే ఇంజనీరు విజయభాస్కర్, ఆయన భార్య జ్ఞానప్రసూన ఈ మాట విని స్వయంగా సల్వా వచ్చారు. వాళ్లది విజయవాడ. ఆయన టీవీ చూశాడు, మేడ మీది యాంటెన్నా చూశాడు, నిట్టూర్చాడు.

"ఈ యాంటెన్నాకి అమెరికా స్టేషన్ రావటం జరగని పనండీ. మీరేదో పొరపాటు పడ్డారు. దయచేసి ఆ బస్సు వదులుకోకండి. మేం కూడా అందులోనే వద్దామనుకుంటున్నాం."

ఆయన అంత మర్యాదగా చెప్పకపోయి ఉంటే నమ్మేవాళ్లేమో. ఆయన కారు మలుపు తిరగగానే కళావతి పెదవి విరిచింది.

"చూసినావా వదినా? మనం బస్సెక్కి పోతే విమానంలో వాళ్లకు కాళ్లు చాపుకునే జాగా దొరుకుతాది. లేకుంటే అంత పెద్ద సారు మన ఇంటికొచ్చి 'దయచేసి' అంటాడా?"

ఆ ఒక్క మాటతో అప్పటిదాకా అనుమానంగా ఉన్నవాళ్లు కూడా పెట్టెలు సర్దుకున్నారు.

గంగాధరకు మాత్రం రోజులు గడిచేకొద్దీ అనుమానం పెరిగింది. తెర మీద మళ్లీ ఏమీ రాలేదు. పొద్దున్నే ముగ్గురో నలుగురో వచ్చి ఆ తెల్లచుక్కల ముందు కాసేపు కూర్చుని వెళ్లేవారు. చిన్నక్క కాళ్లకు నీరు దిగింది. పగటిపూట గోడకు ఆనుకుని కూర్చుని గాజులు లెక్కపెట్టుకునేది. గంగాధర వీసీఆర్ ముందు అగరుబత్తి వెలిగించి నిలబడేవాడు. లోపల స్వామి ఉన్నాడని అతని ధీమా. 'స్వామీ, నువ్వు చూపించింది నేను సరిగ్గానే అర్థం చేసుకున్న్యానా? నేను కోరుకుండేదాన్నే నువ్వు చూపించినట్టు అనుకుంటినా?' అని అడిగాడు. స్వామి జవాబు చెప్పలేదు. గుళ్లోనూ చెప్పడు గనుక గంగాధర దాన్ని తప్పుగా తీసుకోలేదు.

శుక్రవారం రానే వచ్చింది. విమానాశ్రయం చుట్టూ సైన్యం ఉంది, అక్కడికి పోలేరు. అందుకని విమానం ఏ వేళకు వస్తుందో తెలుసుకోవడానికి జనం పెట్టెలు, మూటలు, పిల్లలతో సల్వా ఇంటికే వచ్చేశారు. అమెరికా పట్టే టీవీ కువైట్ మొత్తానికి అదొక్కటే మరి. ఇల్లు నిండి, ప్రహరీ లోపలంతా నిండింది. కోపం పట్టలేక లాల్ బాషా కూడా వచ్చాడు, భార్యను వెనక్కి తీసుకుపోదామని.

తెర మీద చుక్కలు తప్ప ఏమీ లేదు. అందరి చూపులూ ఆంజి మీదికి తిరిగాయి. ఆంజి నాలుక తడుపుకుని, "యాంటెన్నా తిప్పితే దొరుకుతాది" అంటూ మేడ ఎక్కాడు. కింద నుంచి జనం ఒకటే కేకలు.

"ఇంకొంచెం తిప్పు!"

"అట్లగాదు, సముద్రం పక్కకు!"

"పైకెత్తు, పైకెత్తు!"

ఆంజి యాంటెన్నాను ఊడబెరికి రెండు చేతులా తలపైకి ఎత్తి పట్టుకుని నాలుగు దిక్కులా తిప్పసాగాడు. ఆక్రమణలో ఉన్న ఊళ్లో, మేడ మీద నిలబడి ఆకాశంలోకి యాంటెన్నా ఊపే మనిషి సైన్యానికి ఎలా కనిపిస్తాడో అప్పుడు ఎవరికీ తట్టలేదు. వీధి చివర జీపు ఆగిన చప్పుడు వినిపించాక తట్టింది.

కేకలు ఆగిపోయాయి. తుపాకులు పట్టుకున్న నలుగురు సైనికులు, వాళ్ల వెనక నెరిసిన మీసాల అధికారి ఒకడు లోపలికి వచ్చారు. ఇద్దరు మేడ ఎక్కి ఆంజిని మెడ పట్టుకుని కిందికి తెచ్చారు. ఆంజి యాంటెన్నాను ఇంకా వదల్లేదు.

"ఎవరికి సంకేతాలు పంపుతున్నావు?" అధికారి అరబ్బీలో అడిగాడు.

ఆంజికి నోట మాట రాలేదు. ఇంగ్లీషు అసలే రాలేదు. ఇలాంటి అనుమానం మీద పట్టుకుపోయిన వాళ్లు తిరిగి రాలేదని అందరూ విని ఉన్నారు. కళావతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అధికారి హాలంతా కలయజూశాడు. టీవీ, వీసీఆర్ చూపించి సైనికులకు సైగ చేశాడు. వాళ్లు తీగలు పీకబోయారు. అంతవరకు గోడకు అతుక్కుని ఉన్న గంగాధర కాళ్లు ఎలా కదిలాయో తెలియదు, పోయి వీసీఆర్ మీద రెండు చేతులూ వేశాడు.

"లా, లా! వద్దు బాబా!" వంటింటి అరబ్బీ అంతా కూడదీసుకున్నాడు. "టీవీ తీసుకో. ఇది వద్దు. దీని లోపల మా దేవుడున్నాడు."

తుపాకి గంగాధర వైపు తిరిగింది. "లోపల ఎవరున్నారు?" అన్నాడు అధికారి.

"మా రబ్బు, మా దేవుడు. ఆయన పెళ్లి జరుగుతోంది," అన్నాడు గంగాధర. ఇంకెలా చెప్పాలో అతనికి తెలియలేదు. తర్వాత వచ్చిన ముక్కలతో జరిగిందంతా చెప్పాడు. భార్య కడుపు, గాజులు, అమెరికా పెద్దాయన, విమానాలు. "వీడు పిచ్చోడు. మేమందరం చెప్పమంటేనే మేడెక్కినాడు. వీణ్ణి వదిలెయ్."

అధికారి అతన్ని ఎగాదిగా చూసి, వంగి, ఒక బటను నొక్కాడు. వీసీఆర్ నోరు తెరిచి కేసెట్టును బయటికి ఉమ్మింది. దాని మీద కుంకుమ లేదు. ఇంగ్లీషు అక్షరాలున్నాయి. అధికారి అది చదివి, మళ్లీ లోపలికి తోసి, టేపును కొంచెం వెనక్కి తిప్పి, నొక్కాల్సిన బటను నొక్కాడు.

తెల్లజుట్టు పెద్దాయన కనిపించాడు. జెండా, నడవాలు, నడుస్తూ మాట్లాడే సిబ్బంది. జనంలో ఒక్క నిట్టూర్పు లేచింది. అధికారి కాసేపు చూసి, గంగాధర వైపు తిరిగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"ఇది తంసీలియా."

ఆ మాట ఇంగ్లీషు కాదు గనుక అందరికీ అర్థమయింది. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లందరికీ తెలిసిన మాటే అది. రోజూ సాయంత్రం మామాలు టీ తాగుతూ, కళ్లు తుడుచుకుంటూ చూసే నాటకం పేరే తంసీలియా.

"నాటకమా!" అంది హమీదా బీ.

"ఓరి నీ ఇంగ్లీషు కాలిపోనూ!" అంది కళావతి ఆంజిని చూసి. "డబ్బా డీజిల్ ఇచ్చి పాలపొడి తెచ్చుకుంటిమి కదరా!"

"మీరందరూ నా మొగమే చూస్తాంటిరి అక్కా," అన్నాడు ఆంజి ఏడుపు గొంతుతో. "నాకు అదొక్కటే తోచింది."

సరిగ్గా అప్పుడే తెరమీద తలుపు మూసుకుంది. పెద్దాయన కిటికీ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. చిన్నక్క అడిగిన ప్రశ్న గంగాధరకు వారం ఆలస్యంగా వినిపించింది. ఫోటో ఎవరు తీస్తున్నారు? ఆ గదిలో ఎంతమంది ఉండి ఉంటారు? దీపాలు పట్టుకునేవాళ్లు, చేతులు ఇంకొంచెం వణికించమని చెప్పేవాళ్లు. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మోసం చేసినవాడి మీద కోపం తెచ్చుకుందామంటే, ఎవరూ మోసం చేయలేదు. ఆ నటుడు ఎక్కడో తన పని తను చేసుకున్నాడు. హారతి ఇచ్చింది తనే.

విచిత్రం ఏమిటంటే అధికారి లేవలేదు. "ఆగండి" అని చెయ్యి ఎత్తి, సోఫా అంచున కూర్చున్నాడు. సైనికులు తివాచీ మీద కూర్చున్నారు. ఆంజి మెడ మీద చెయ్యి వేసినవాడు కూడా, చెయ్యి తీయకుండానే, తెర వైపు తిరిగిపోయాడు. చిన్నక్క లోపలికి పోయి వాళ్లకు టీ పెట్టి తెచ్చింది. అధికారి టీ అందుకుంటూ, తను బస్రాలో బడిపంతులునని, యుద్ధానికని పిలిచి ఈ బట్టలు తొడిగారని, ఎవరూ అడగకుండానే చెప్పాడు.

పెద్దాయన లేచి, ఫోను తీసుకుని, నోరు తెరవబోయాడు. చుక్కలు.

అధికారి ముందుకు వంగాడు. "తర్వాత? ఆయన యుద్ధం వద్దంటాడా, కానివ్వమంటాడా?"

తెర మీద చుక్కలే. "రెండో భాగం ఏది?" అన్నాడు అధికారి, ఈసారి పంతులు గొంతుతో కాదు.

"ఉంది," అంది చిన్నక్క.

ఆమె అరలోంచి రెండో కవరు తీసుకుని లోపలి గదిలోకి పోయింది. గంగాధర ఆమె వెనక రెండడుగులు వేశాడు. వీసీఆర్‌లో ఉన్నది మొదటి కేసెట్టు అయితే, స్వామి ఆ రెండో కవరులోనే కదా ఉండాలి. చిన్నక్క తిరిగి వచ్చేసరికి కవరు ఒడిలో ఉంది, మీద గాజుల చేతులు రెండూ ఉన్నాయి. లోపల స్వామిని భద్రంగా తీసి, ఇంకేదో పెట్టి తెచ్చి ఉంటుందని గంగాధర ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇస్తా," అంది అరబ్బీలో, నిలబడే. "వాణ్ణి వదులు. బస్సు నిండా డీజిల్ ఇయ్యి. బస్సు ఈడికి రావాల. డీజిల్ పోసినాంకనే ఇది నీ చేతికొస్తాది." చివరి మాటలు ఆవేశంలో కడప తెలుగులోకి దిగిపోయినా అధికారికి అర్థమయినట్టే ఉంది.

సైనికుడు తుపాకి సర్దుకున్నాడు. అధికారి ఆమె పొట్టను, చేతుల గాజులను, కవరు మీది తెల్లభవనం బొమ్మను చూశాడు.

"మా ఆవిడ కూడా ఇలాగే బేరం చేస్తుంది," అన్నాడు చివరికి. ఆంజి మెడ మీది చెయ్యి తొలగింది.

మధ్యాహ్నానికల్లా బస్సు సల్వా వచ్చింది, దాని వెనకే జీపులో డీజిల్ డ్రమ్ములు వచ్చాయి. మనుషుల్ని పోగు చేయాల్సిన పని పడలేదు. విమానం కోసమని ఊరూరి నుంచి పెట్టెలు సర్దుకుని, పిల్లలకు తలలు దువ్వి, అందరూ ఒక్కచోటనే ఉన్నారు. ఇంజనీరు దంపతులకు కబురు పంపితే వాళ్లూ వచ్చి, ఎవరినీ ఏమీ అనకుండా, వెనక సీట్లో కూర్చున్నారు. కళావతి తన పెట్టె తీసి జ్ఞానప్రసూన కాళ్లకు జాగా చేసింది. అధికారి సైనికుల చేత టీవీ, వీసీఆర్ జీపులో పెట్టించి, చిన్నక్క చేతినుంచి కవరు అందుకుని, చెవి దగ్గర ఆడించి చూసుకున్నాడు. తృప్తిగా తలాడించాడు.

మామా ఇంటికి తాళం వేసి చిన్నక్క తాళంచెవులు రొంట్లో దోపుకుంది. "దేవుడి కాడ దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి..." అని గంగాధర మొదలుపెట్టాడు.

"దావలో కొడుదువులే. ఎక్కు!" అంది చిన్నక్క. "బాషన్నా, యల్లా, కదులు! రేపు తెల్లారేలోపల బస్రా దాటల్ల!"

"కుదుపులని అన్న బయపడె కద వదినా?" అన్నాడు లాల్ బాషా.

"కుదిపితే కుదపనీ. పోనీ!"

ఆమె ఎందుకంత తొందర పడుతోందో ఎవరికీ అర్థం కాలేదు. బస్సు ఇసుకలోకి మళ్లేదాకా ఆమె వెనక అద్దంలోంచి రోడ్డునే చూస్తూ కూర్చుంది.

జోర్డాన్ చేరాక, గుడారాల ఊళ్లో తమ వంతు విమానం కోసం ఎదురుచూస్తూ ఉన్న ఒక శనివారం, గంగాధర స్నానం చేసి వచ్చి మూట విప్పాడు. చీరలు తీశాడు, ఒడిబియ్యం మూట తీశాడు. మళ్లీ వెతికాడు.

"మే, స్వామి యాడ?"

చిన్నక్క అతను తీసిన చీరలు మళ్లీ మడతపెట్టింది.

"కవర్లోంచి తీసి ఏంట్లో పెట్టినావు?"

"తీయలేదు." చిన్నక్క తన కొంగు చివర చూపించింది. ఎర్రటి మరక అట్లాగే ఉంది. "బొట్టు తుడిచినా. లెంపలేసుకున్న్యా. మళ్లీ అండ్లోనే పెట్టిచ్చినా. వాడు చెవికాడ ఆడించి చూసె, నువ్వూ చూస్తివి కదా? కాళీ కవరిస్తే ఏమయ్యుండు?"

గంగాధర అలాగే కూలబడ్డాడు. "స్వామిని ఇచ్చేస్తివా? డీజిల్‌కా?"

"నేనెవురు ఇచ్చేదానికి? నా ఒడిలో ఉండె, పోయె. ఆంజిగాడు బతికె, మనం బతికితిమి. తప్పంటావా?"

పొట్టలో బిడ్డ కదిలిందేమో, చిన్నక్క నడుం పట్టుకుని సర్దుకుని కూర్చుంది. చేతులకు గాజులు ఒక్కటీ చిట్లలేదు. అన్ని గుంతలు దాటి వచ్చినా ఒక్కటీ చిట్లలేదు. గంగాధర ఆ గాజుల వైపు తిరిగి, తలుపులేని ఆ గుడారంలో, అందరూ చూస్తుండగానే, దండం పెట్టుకున్నాడు.

తెల్లజుట్టు అధ్యక్షుడు ఆ ఫోనులో ఏం చెప్పాడో గంగాధరకు ఈ రోజుకీ తెలియదు. శ్రీవారి కల్యాణంలో తలంబ్రాలు ఎప్పుడు పోస్తారో మాత్రం బస్రాలో ఒక బడిపంతులుకు తెలిసే ఉంటుంది.